ఒత్తు లేని చీటీ

జనం దానమని పంపే బట్టల్లో సగం దానం కాదు, అల్మరా దులుపుడు. కాలరు మాసిన చొక్కాలు, జిప్పు ఊడిన ప్యాంట్లు, ఒంటికాలి సాక్సులు. బీదవాళ్లకి కాళ్లు రెండుంటాయన్న సంగతి ఇచ్చేవాళ్లకి గుర్తుండదో ఏమో. అవన్నీ మూటలు మూటలుగా వచ్చి ఆ దుకాణం వెనకగదిలో పడతాయి. బాగున్నవాటిని ఉతికి, బాగోలేనివాటిని కోసి వేరే రూపంలో కుట్టి, తక్కువకి అమ్ముతారు. వచ్చినదాంతో ఒక ఉచిత ఆసుపత్రి నడుస్తుంది. ముందుగదిలో నిలువుటద్దం, హ్యాంగర్లు, బల్లమీద పూలకుండీ. వెనకగదిలో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీపెట్టె, మోకాలెత్తు గుట్టలు, ఇద్దరు ఆడవాళ్లు. పేరు ముందుగదిది, పని వెనకగదిది. ఎక్కడైనా అంతే.

ఆ ఇద్దరూ అత్తాకోడళ్లు. "ఒకే గదిలో అత్తాకోడళ్లు, మధ్యలో కత్తెరా! ముందు ఎవరికి తగులుతుందో" అని చేరినరోజే మేనేజరమ్మ నవ్వింది. ఆరేళ్లయింది, ఎవరికీ తగల్లేదు. మాటలు తగిలాయి, అది వేరు.

అత్త బట్టలు వేరుచేస్తుంది. ముప్పయ్యేళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికిన చేతులవి. కళ్లు మూసుకుని, బట్ట అంచు రెండువేళ్ల మధ్య నలిపి, ఇది ఉన్ని, ఇది ఉన్నిలా నటించే నైలాను అని చెప్పేస్తుంది. కోడలు కోస్తుంది, కుడుతుంది. దుకాణంలో అందరూ ఆమెని కత్తెరమ్మ అంటారు. జీన్సు ప్యాంటు ఆమె బల్ల ఎక్కితే సంచీ అయి దిగుతుంది. ముగ్గురు మగాళ్ల చొక్కాలు ఒక పిల్లకి గౌనవుతాయి.

మూటలోంచి వచ్చిన ప్రతి బట్టకీ మూడే దారులు. కొత్తదానిలా ఉంటే నేరుగా హ్యాంగరుకి. గుడ్డ మంచిదై రూపం చెడితే కోతబల్లకి. రెండూ కాకపోతే తుడుపుగుడ్డల బస్తాకి. ఇదివరకు అత్త ఈ సంగతి గుండుసూదులతో చెప్పేది: ఒక సూది, రెండు సూదులు, మూడు సూదులు. ఎందుకంటే ఆమెకి అక్షరం ముక్క రాదు. అరవయ్యారేళ్లు రాకుండానే గడిపేసింది. గడిపేసింది అనడం తేలిక. బస్సు ఎక్కాలంటే ఎవర్నో అడగాలి, మందుసీసా చూపించి ఎవర్నో అడగాలి, సంతకం అన్నచోటల్లా బొటనవేలు చాపాలి. చదువు రానిది నీకు సిగ్గుగా లేదా అని అడిగేవాళ్లు చాలామంది. నేర్పనిది మాకు సిగ్గుగా ఉంది అన్నవాడు ఒక్కడూ లేడు.

కత్తెరమ్మ కూడా అనలేదు. నేర్పింది. పోయిన చలికాలం ఒక నల్లగుడ్డ బల్లమీద పరిచి, కుట్టుపని సుద్దతో మొదలుపెట్టింది. అఆల జోలికి పోలేదు.

"మీకు రోజూ కావలసినవి మూడే మాటలు అత్తయ్యా. కొత్త. కోత. గుడ్డ. ఈ మూడూ పట్టుబడితే మిగతా అక్షరాలు వాటంతట అవే వస్తాయి."

"అవే వస్తాయా? ఏం, నీ పుట్టింటి చుట్టాలా?"

మూడే మూడు మాటలు, అందులో రెండు కవలపిల్లల్లాంటివి. ఆ ముడి తనే వేస్తున్నానని అప్పుడు కత్తెరమ్మకి తట్టలేదు.

'త' తిప్పడానికి అత్తకి వారం పట్టింది. 'కో' మీద తోక తిప్పడం మాత్రం మరిచిపోతూనే ఉండేది.

"తోక, అత్తయ్యా, తోక! తోక లేకపోతే కోత కాదు, కొత అవుతుంది."

"కొత అంటే?"

"ఏమీ లేదు. దానికి అర్థం లేదు."

"అర్థం లేనివి రాసేది నేనొక్కదాన్నేనా? పేపర్ల నిండా అవేగా, నువ్వు చదివి తిట్టుకుంటుంటావు."

కానీ 'త' కింద ఒత్తు అంటే ఆమెకి ప్రాణం. "గుడ్డ జారిపోకుండా కింద వేసే కొక్కెం" అని దానికి తనే పేరు పెట్టుకుంది. తోకలెన్ని ఎగిరిపోయినా కొక్కెం మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.

ఎనిమిది నెలలు తిరిగేసరికి అత్త చెవి వెనక పెన్సిలొకటి వచ్చి చేరింది. వడ్రంగిలా. చీటీ రాయడం, బట్టకి గుచ్చడం, పెన్సిలు మళ్లీ చెవికి పెట్టుకోవడం. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తీయడం మరిచిపోయి, "పెన్సిలుకి కూడా తలంటు పోస్తారా" అని కోడలిచేత అనిపించుకుంది.

కత్తెరమ్మకి ఒక అలవాటుండేది. చీటీ చదివాక కూడా కేకేసేది: "అత్తయ్యా, ఇది కోతేనా?" రోజుకి ఇరవైసార్లు. ఒకరోజు అత్త గుట్టలోంచి లేచి వచ్చింది.

"నా రాత నీకు కనిపించడంలేదా?"

"కనిపిస్తోంది. ఎందుకైనా మంచిదని."

"డాక్టరు చీటీ రాస్తే మందులషాపువాడు వెనక్కి పరిగెత్తుకొచ్చి అడుగుతాడా? ప్రతిదానికీ నోటితో చెప్పాల్సివస్తే ఇంక నేను రాయడం దేనికి? సూదులే నయం."

ఆ మాట కత్తెరమ్మకి ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజునుంచి అడగడం మానేసింది. రాసింది చదవడం, చేయడం. అత్త మర్యాద అత్తకి దక్కాలి. ప్రేమతో మానుకున్న ఆ ఒక్క ప్రశ్నే తర్వాత కొంప ముంచింది.

ఒక సోమవారం మధ్యాహ్నం రైల్వేస్టేషను ఊడ్చే ఆవిడ దుకాణానికి వచ్చింది. ఒంటిమీద నారింజరంగు యూనిఫారం. తోటివాళ్లు ఆమెకి పెట్టిన పేరు దొరసాని. సూపర్వైజరు అరిస్తే చీపురు ఆపి, నడుంమీద చెయ్యేసి, "మళ్లీ చెప్పండి, ఈసారి మెల్లిగా" అంటుంది కనక. ఆ పూట కత్తెరమ్మ లేదు, పన్ను పీకించుకోడానికి వెళ్లింది. జరిగిందంతా అత్త నోట తర్వాత విన్నదే.

పదకొండేళ్లుగా కింద ఊడుస్తున్న స్టేషనులోనే, పై అంతస్తులో, గురువారం పొద్దున పెద్దవాళ్లతో సమావేశం. ఊడ్చే ఆడవాళ్లు మెట్లకింద, తడి చీపుళ్ల పక్కన బట్టలు మార్చుకుంటున్నారు. తలుపున్న గది ఒకటి కావాలి. అది అడిగి రావడానికి నలభైమంది కలిసి ఈమెని ఎన్నుకున్నారు.

"యూనిఫారంతో పైకెళ్తే, వచ్చావా, ఆ మూల కాఫీ ఒలికింది తుడువు అంటారు పిన్నీ. లోపల మనిషుందని వాళ్లకి కనిపించాలంటే ముందు కోటు కనిపించాలి. ఏదైనా ఉందా?"

అత్త గుట్టలో చెయ్యిపెట్టి ముదురాకుపచ్చ ఉన్నికోటు ఒకటి లాగింది. అదే ఉందని ముందే తెలిసినట్టు. భుజాలు సరిపోయాయి, చేతులు సరిపోయాయి. దొరసాని ముందుగది అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"చెయ్యెత్తు" అంది అత్త.

ఎత్తింది. వీపు దగ్గర బిగిసింది. కుట్లు పటపటమన్నాయి.

"వీపు పట్టేస్తోందే అమ్మాయ్."

"పర్లేదు పిన్నీ. అక్కడ నేనేం చెయ్యెత్తనులే. ఒళ్లో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటా."

దొరసాని ఉండే గదిలో గోడలకి చెమ్మ. అక్కడ పెడితే బూజు పడుతుంది. బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి తీసుకెళ్తానంది. అత్త చీటీ రాసి, కోటుకి గుచ్చి, గోడమేకుకి తగిలించింది. "ఒక పిల్లకి కోటు తీసిపెట్టాను" అని ఇంటికెళ్లాక కోడలికి చెప్పింది కూడా. బుగ్గలో దూది కుక్కుకుని ఉన్న కత్తెరమ్మ ఊ అంది. ఏ కోటని అడగలేదు.

బుధవారం ఉదయం కొత్త మూటలు వచ్చాయి. దించినవాళ్లు గోడదగ్గర జాగా కోసం మేకుమీది కోటు తీసి కోతబల్లమీద పడేశారు. మధ్యాహ్నం రెండింటికి అది కత్తెరమ్మ చేతికి వచ్చింది. మంచి ఉన్ని. ఇంత మంచిదాన్ని కోతకి ఎందుకు పంపారో అనుకుంది. చీటీ చూసింది.

కొత.

మళ్లీ తోక ఎగిరిపోయింది, అనుకుని నవ్వుకుంది. అత్తయ్యా అని పిలవబోయింది. వద్దులే, మళ్లీ మందులషాపువాడి కథ చెబుతుంది అనుకుంది. బుగ్గ కూడా సలుపుతోంది. కత్తెర తీసుకుని, కాలరు కిందనుంచి అంచుదాకా, వీపు మధ్యలో, లైనింగుతో సహా ఒక్క కోత కోసింది. ఆమె కోత ఎప్పుడూ తిన్నగా ఉంటుంది.

అప్పుడే అత్త రెండు టీ కప్పులతో వచ్చింది. బల్లవైపు చూసింది. కప్పులు కింద పడలేదు, అత్త చేతుల్లోంచి ఏదీ పడదు. నెమ్మదిగా బల్లమీద పెట్టింది.

"అది ఆ పిల్ల కోటే."

కత్తెరమ్మ కత్తెర కింద పెట్టింది. "చీటీలో కోత అని... తోక మరిచిపోయారనుకున్నా..."

అత్త చీటీ తీసి, కళ్లజోడు పెట్టుకుని, చాలాసేపు చూసింది. మూడక్షరాల మాట కూడా కాదు, అంతసేపు చూడడానికి.

"తోక కాదే" అంది చివరికి. "కొక్కెం. కొక్కెం మరిచిపోయాను. ఆ పిల్ల మెట్లకింద బట్టలు మార్చుకుంటాం అంటోంది, వింటూ రాశాను."

మాటలు విని మేనేజరమ్మ లోపలికి వచ్చింది. అత్తాకోడళ్లు ఒకేసారి నోరు తెరిచారు.

"తప్పు నాదండీ, అడగకుండా కోశాను."

"దానిదేం కాదు. రాసింది నేను."

"మీరూరుకోండి అత్తయ్యా."

"నువ్వూరుకో. నా తప్పు కూడా నన్ను ఒప్పుకోనివ్వవా?"

మేనేజరమ్మ చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే నాలుగు తిట్టి పోయేది. మంచిది కాబట్టి పరిష్కారం పట్టుకొచ్చింది. సొరుగులోంచి రంగు స్టిక్కర్ల చుట్ట తెచ్చి అత్త చేతిలో పెట్టింది. ఆకుపచ్చ హ్యాంగరుకి, ఎరుపు కోతకి, పసుపు బస్తాకి.

"ఎవరి తప్పూ కాదమ్మా. ఇంక మీరు రాయక్కర్లేదు, అంటిస్తే చాలు. ఈ వయసులో మీకెందుకీ శ్రమ?"

అత్త సరేనంది. చెవి వెనకనుంచి పెన్సిలు తీసింది. దారపుఉండలు పెట్టే సొరుగు తెరిచి, అందులో పడేసి, మూసింది. గుట్టదగ్గరికి వెళ్లి ఎర్ర స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టింది. గబగబా, తల ఎత్తకుండా.

కత్తెరమ్మ ఆ చెవి వంక చూసింది. పెన్సిలు ఉండేచోట చిన్న నొక్కు పడింది. ఆ నొక్కు ఖాళీగా ఉంది. కోటు పోతే ఇంకో కోటు వెతకచ్చు. సొరుగులోకి పోయిన ఆ పెన్సిలు ఎలా బయటికొస్తుంది? నేర్పిన ఎనిమిది నెలలనీ తన కత్తెరే రెండు చేసినట్టు అనిపించింది. టీ చల్లారిపోయింది, ఇద్దరిదీ.

అయిదింటికి దొరసాని వచ్చింది. ముందుగదిలో మేనేజరమ్మ ఆమెకి కోట్లు చూపించింది. ఒకటి చేతులు పొడుగు, ఒకటి గుండీలు పట్టవు, ఒకటి పెళ్లిలో బ్యాండువాడి కోటులా ఉంది. దొరసాని నేరుగా వెనకగదిలోకి వచ్చేసింది. బల్లమీద రెండు ముక్కలై, కాలరు ఒక్కటే ఆధారంగా పడుకున్న ఆకుపచ్చ కోటుని చూసింది. ఒక మూటమీద కూలబడింది.

"ఎవరు కోశారు?"

"నేను" అంది కత్తెరమ్మ. "చీటీ తప్పు చదివాను."

"తప్పు రాశాను" అంది గుట్టదగ్గరినుంచి అత్త, తల ఎత్తకుండానే. "అంటిస్తున్నాలే ఇప్పుడు. రాయడంలేదు."

దొరసాని చీటీ అడిగి తీసుకుంది. చదివింది. ముఖం చిట్లించింది. తిట్టబోతోంది అనుకుంది కత్తెరమ్మ. తిడితే బాగుండు అనుకుంది.

"మా స్టేషనులో పెద్ద బోర్డుంది పిన్నీ. ఉమ్మివేయరాదు అని, మనిషెత్తు అక్షరాలు. అందులో రా ఊడిపోయి ఏడాదయింది. ఉమ్మివేయదు అని ఉంది."

"ఏది వేయదు?" అంది కత్తెరమ్మ.

"అదే ఎవరికీ తెలీదు. జనం మాత్రం వేస్తూనే ఉన్నారు, నేను కడుగుతూనే ఉన్నా. ఆ బోర్డు రాయించిన ఆఫీసరు చేతిలో పెన్ను తీసేసుకుని రంగు కాయితాలు ఎవరూ పెట్టలేదు మరి. ఇంకా సంతకాలు పెడుతూనే ఉన్నాడు. నువ్వు ఒక్క ఒత్తు మరిచిపోయావు, దానికే మానేస్తావా?"

అత్త చెయ్యి ఆగింది.

"కోటు సంగతి చెప్పు అక్కా" అంది దొరసాని కత్తెరమ్మవైపు తిరిగి. "బతుకుతుందా?"

"మళ్లీ కలిపి కుట్టచ్చు. కానీ కుట్టులో ఇంకో రెండు వేళ్ల గుడ్డ పోతుంది. ఇదివరకే వీపు పట్టేస్తోందట, ఇంక గుండీ పెట్టుకోలేవు. మధ్యలో గుడ్డ వెయ్యాలి. ఈ రంగు ఇంకెక్కడా లేదు. పొద్దున్నుంచీ... మధ్యాహ్నంనుంచీ గుట్టలన్నీ తిరగేశాను."

అప్పుడు లేచింది అత్త. పసుపు స్టిక్కరు అంటించిన తుడుపుగుడ్డల బస్తాదగ్గరికి వెళ్లింది. మోచేతిదాకా చెయ్యి దూర్చి వెతికి, నారింజరంగు గుడ్డ ఒకటి బయటికి లాగింది. స్టేషను ఊడ్చేవాళ్ల యూనిఫారం. వాళ్ల కంపెనీ పాతవి బస్తాలకొద్దీ పంపుతుంది. ఎవరూ కొనరు, ఇంజన్లు తుడవడానికి పోతాయి. అంచు రెండువేళ్ల మధ్య నలిపింది.

"గట్టిది. ఎన్నిసార్లు ఉతికారో, రంగు వదల్లేదు."

దొరసాని చివాలున లేచింది. "అది వేసుకోకూడదనేగా పిన్నీ కోటు అడిగింది! దాన్ని తెచ్చి మళ్లీ నా వీపుకే అంటగడతావా?"

"వీపుకి కాదే. లోపలికి మడత." అత్త బల్లమీద గుడ్డని రెండు ఆకుపచ్చ అంచుల కిందికి తోసి చూపించింది. రెండు అంచులూ వచ్చి దగ్గరగా కలుసుకున్నాయి, నారింజ కనిపించకుండా పోయింది. "నుంచుంటే కనిపించదు. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నా కనిపించదు."

"మరెప్పుడు కనిపిస్తుంది?"

"చెయ్యెత్తితే."

దొరసాని వంగి ఆ గుడ్డని చూసింది. జేబుమీద ఎవరిదో నంబరు ఇంకా ఉంది. చేత్తో తడిమింది. మళ్లీ మూటమీద కూర్చుంది.

"కుట్టక్కా" అంది.

కుట్టింది కత్తెరమ్మ. అత్త లైనింగు కుట్లు విప్పింది, జేబుముక్క పక్కన పెట్టి నిలువు పట్టీ కోయడానికి సుద్దగీత గీసింది. ఆరింటికి మేనేజరమ్మ ముందుగదిలో బోర్డు తిప్పేసింది, కానీ ఇంటికి పోలేదు. దీపాలు ఉంచి, బల్లదగ్గర కూర్చుంది. మిషను ఆగినప్పుడల్లా అత్త తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది. ఆవిరిలో తడి ఉన్ని వాసన, గొర్రెపిల్ల వాసనలా. అత్తాకోడళ్లిద్దరికీ మాటలు అక్కర్లేకపోయాయి. ఒకరు చెయ్యి చాపితే రెండోవాళ్లు సూది అందించారు. మెడ దగ్గరా నడుం దగ్గరా మడతని గట్టిగా పట్టి కుట్టింది కత్తెరమ్మ. మధ్యలో వదిలేసింది, ఊపిరి ఆడేలా.

"తొడుక్కో" అంది.

దొరసాని తొడుక్కుంది. వెనకనుంచి చూస్తే ఆకుపచ్చ కోటు, వీపు మధ్యలో ఒక సన్నగీత. అంతే.

"చెయ్యెత్తు" అంది అత్త.

ఎత్తింది. ఏదీ పట్టెయ్యలేదు, ఏదీ పటపటమనలేదు. మెడనుంచి నడుందాకా నారింజ తెరుచుకుంది. దించింది, మూసుకుంది. గుమ్మంలోంచి కనిపించే ముందుగది అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకుంటూ మళ్లీ ఎత్తింది. నాలుగుసార్లు ఎత్తింది. నాలుగోసారి అవసరం లేదు.

"ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంటానన్నావు" అంది అత్త.

"అన్నాలే" అంది దొరసాని. ముక్కు ఎగబీల్చింది. "అప్పటి కోటు వేరు. చీటీ ఇవ్వు పిన్నీ. చీటీ లేనిదే ముందుగది దాటనివ్వరుగా."

గుమ్మంలో నిలబడ్డ మేనేజరమ్మ ఆకుపచ్చ స్టిక్కరొకటి ఊడదీసి అందించింది. అత్త దాన్ని వేలిమీద పెట్టుకుని నిలబడింది.

కత్తెరమ్మ సొరుగు తెరిచింది. దారాల మధ్యనుంచి పెన్సిలు తీసి, చల్లారిన టీ కప్పు పక్కన బల్లమీద పెట్టింది. సూదికి దారం ఎక్కించే పనేదో ఉన్నట్టు కిటికీవైపు తిరిగింది.

"కోసేసిన కోటు ఇది" అంది అత్త వెనకనుంచి. "దీన్నేమని రాయాలి ఇప్పుడు?"

"నాకైతే కొత్తే" అంది దొరసాని.

బల్లమీద పెన్సిలు కదిలిన చప్పుడైంది. కత్తెరమ్మ ఉండబట్టలేక తిరిగి చూసింది. అత్త స్టిక్కరు బల్లకి అంటించి, దానిమీదికి వంగి ఉంది. ముందు కొక్కెం వేసింది. ఖాళీ స్టిక్కరు అడుగున, ఒంటరిగా, ఒక్క ఒత్తు. తర్వాత దానిమీద 'త' కూర్చోబెట్టింది. ఆ తర్వాత దానికి ముందు 'కొ' తెచ్చి నిలబెట్టింది. వెనకనుంచి ముందుకి, కిందనుంచి పైకి. అలా రాయమని ఎవరూ నేర్పలేదు.

"స్టిక్కరు మీద మళ్లీ రాయడమెందుకమ్మా" అనబోయింది మేనేజరమ్మ. కత్తెరమ్మ ఆమెవైపు చూసింది. చేతిలో కత్తెర ఉంది. మేనేజరమ్మకి పూలకుండీకి నీళ్లు పోయాలని గుర్తొచ్చింది.

అత్త స్టిక్కరు ఊడదీసి కోటు జేబుమీద అంటించి, అరచేత్తో అదిమింది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది. దొరసాని వెళ్లిపోయాక, చెల్లాచెదరైన నారింజ ముక్కల్ని ఏరుతూ, కోడలివైపు చూడకుండా అంది:

"రేపట్నుంచి అడుగు."

"ఏం అడగను?"

"తెలీనట్టు. కోతేనా, కొత్తేనా అని. డాక్టర్లని కూడా అడగాలిలే, వాళ్ల రాత ఎవడికి అర్థమవుతుంది గనక."

కత్తెరమ్మ గుట్టలోంచి చేతికందిన లంగా ఒకటి లాగింది. దానికి చీటీ లేదు, స్టిక్కరూ లేదు.

"అత్తయ్యా, ఇది కోతేనా?"

"ఇప్పుడు కాదే మొద్దూ" అంది అత్త. "రేపన్నాగా."